ఆరబెట్టిన సాక్ష్యాలు

ముత్తంగి నుంచి రుద్రారం దాకా ఒక్క ఈ-సిగరెట్ కూడా కనబడని రోజు తెస్తానని పొగ నిర్మూలన కమిటీ అధ్యక్షుడు రాజారావు ప్రకటించినప్పుడు, వేదిక వెనక నిలబడ్డ ఆయన అనుచరుడు కాశీనాథ్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఫ్యాక్టరీల చిమ్నీల సంగతేమిటని ఎవరో అడిగారు. అవి కమిటీ పరిధిలోకి రావని రాజారావు మర్యాదగా చెప్పాడు. హాస్టల్ పిల్లల ఊపిరితిత్తులు మాత్రం వస్తాయి.

కారెక్కేముందు ఆయన జేబురుమాలు మూట ఒకటి కాశీనాథ్ చేతిలో పెట్టాడు.

"పుదీన పీలిస్తే మామిడి వాసనొస్తున్నది కాశీ. జెర మంచిగ కడుగు."

మూటలో ఆయన సొంత ఈ-సిగరెట్లు మూడు ఉన్నాయి. నిషేధం గురించి లోతుగా ఆలోచించాల్సి వచ్చినప్పుడు మాత్రమే ఆయన వాటిని వాడతాడు. నిషేధం గురించి ఆయన రోజంతా ఆలోచిస్తాడు.

నాయకుడి చెప్పులు మోసినవాళ్లు పార్టీలో చాలామందే ఉన్నారు. కానీ నోట్లో పెట్టుకునే వస్తువును ఒక మనిషి ఇంకొకడి చేతికి ఇచ్చాడంటే, అది తల్లీబిడ్డల మధ్య ఉండే నమ్మకం. కాశీనాథ్ అలాగే అనుకున్నాడు. అలా అనుకోకపోతే తాను చేస్తున్న పనికి వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చేది. పైగా మార్కెట్ కమిటీలో డైరెక్టర్ పదవి ఒకటి ఖాళీగా ఉంది. తాతల కాలం నుంచి గింజలమ్మే గల్లా దుకాణంలో తక్కెడ పక్కన నేల మీద కూర్చున్న కుటుంబం వాళ్లది. కమిటీ గదిలో, వీపుకు ఆనుకునే కుర్చీలో తన వీపు ఎలా ఉంటుందో అతను చాలాసార్లు ఊహించుకున్నాడు.

క్యాంపు ఆఫీసు వెనక గదిలో మూడింటినీ విప్పదీశాడు. మూతలు, గాజు గొట్టాలు, రబ్బరు రింగులు, వేడెక్కే తీగచుట్టలు. అన్నీ గోరువెచ్చని నీళ్లలో కడిగి, స్పిరిట్‌లో ముంచి తీసి, తెల్ల తువ్వాల మీద పరిచాడు. తడిసిన కందులను దుకాణంలో ఎలా ఆరబెడతారో అలాగే, ఒకదానికొకటి తగలకుండా. గల్లా నమూనాలకు పెట్టినట్టే చీటీలు కూడా రాసి పెట్టాడు: పుదీన, మామిడి, మీఠా పాన్. తీగల లోపలి తడి పూర్తిగా ఆరాలంటే మర్నాటి దాకా ఆగాలి. ఫ్యాన్ వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

మర్నాడు ప్రెస్‌మీట్. పార్టీలో కొత్తగా చేరిన బాలరాజ్ ఉత్సాహం కొద్దీ విలేకరులను ముందు గదికి బదులు వెనక గదిలోకి తీసుకుపోయాడు. కెమెరాలు తువ్వాల వైపు తిరిగాయి.

"గివేంది సార్?" అన్నాడు ఒక విలేకరి.

రాజారావు ఒక్క క్షణం చూశాడు. గొప్పవాళ్లకు ఆ క్షణం చాలు.

"పట్టుకున్నం," అన్నాడు.

"ఫ్లేవర్ వారీగా చీటీలు పెట్టిన్రు. పెద్ద కంపెనీ లెక్కనే ఉంది," అన్నాడు విలేకరి.

"నేను గుడ గదే అనుకుంటున్న."

మర్నాడు పేపర్లో 'గుట్టుగా ఈ-సిగరెట్ల ఫ్యాక్టరీ' అని ఫొటో వచ్చింది. వరసలు ఎంత తిన్నగా వచ్చాయో చూసి కాశీనాథ్‌కు లోలోపల సంతోషమేసింది. రాజధాని నుంచి పెద్దలు రాజారావుకు ఫోన్ చేసి అభినందించారు. చివర్లో, నిందితుడు ఎవరని అడిగారు.

రాజారావు కాశీనాథ్‌ను పిలిపించాడు.

"ఆ చీటీలు ఎవరి రాత కాశీ?"

"నాదే సార్."

"మరి మనం అబద్ధమాడొద్దు కదా. ఒక్క పూట ఠాణాల పోయి కూసో. బెయిల్‌కు వకీల్‌ను పంపుత. బయటికొచ్చినంక మార్కెట్ కమిటీ."

"కేసున్నోనికి పదవి ఇస్తరా సార్?"

"లేనోనికి ఎవరిచ్చిన్రు?"

ఆ తర్కంలో కాశీనాథ్‌కు లోపం కనబడలేదు. ఇంటికెళ్లి చొక్కా మార్చుకున్నాడు.

"బీడీ గుడ ముట్టని మనిషి మీరు," అంది భార్య విజయకుమారి. "దుకాణానికొచ్చినోళ్లకు ఏం చెప్పాలె?"

"కమిటీ పనిమీద పోయిండని చెప్పు."

ఠాణాలో ఎస్సై టేబుల్ మీద బెయిల్ కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది. వకీల్ జామీనుదారులతో సంతకాలు పెట్టించి పోయాడు. ఎస్సై సంతకం ఒక్కటే మిగిలింది. ఎస్సై కానిస్టేబుల్‌ను బయటికి పంపి తలుపు గడియ పెట్టాడు. కాశీనాథ్ చెంపలు బిగించుకున్నాడు.

"ఫొటోల ఉన్నవన్నీ నువ్వే కడిగినవా?"

"నేనే సార్."

ఎస్సై ప్యాంటు జేబులోంచి ఒక ఈ-సిగరెట్ తీసి కాగితం పక్కన పెట్టాడు.

"నేను గుడ కడుగుత. పీలిస్తే గుడగుడ అంటది. నోట్లెకు నీళ్లొస్తున్నయ్."

కాశీనాథ్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. మూత తిప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. ఒకసారి చెవి దగ్గర ఊపి విన్నాడు.

"లోపల తడి ఆరలే సార్. ఎండకు పెట్టిన్రా?"

"జీప్ బానెట్ మీద."

"గాలికి పెట్టాలె. రేపటిదాక పడ్తది."

"నాకేం జల్దీ లేదు," అన్నాడు ఎస్సై. "పై ఆఫీసు నుంచి ఇంకో నాలుగైదు వస్తయ్."

బెయిల్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.