నొప్పి లేని ఆసుపత్రి

ఇకమీదట తమ ఏలుబడిలో ఏ గర్భిణికీ నొప్పి మాత్రల వల్ల ముప్పు ఉండదని మంత్రిగారు ప్రకటించారు. ఎందుకంటే ఏ గర్భిణికీ నొప్పి మాత్ర ఇవ్వరు. ప్రసవాల ఆసుపత్రి మెట్ల మీద మైకు పట్టుకుని ఆయన ఈ మాట అన్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ నేను రికార్డు గుమాస్తాని. చప్పట్లు నా డ్యూటీలో లేవుగానీ, అలవాటు మీద చేతులు వాటంతటవే కలుస్తాయి.

మంత్రిగారు ఏ నిర్ణయమూ ఊరికే తీసుకోరు. చదివి తీసుకుంటారు. ఈసారి చదివింది బావమరిది ఫోన్లో పంపిన మెసేజి. "మాత్రలతో బిడ్డకు ముప్పు" అని పైన ఎర్రక్షరాల్లో ఉందిట. తక్కినది చదవాలంటే ఇంకోచోట నొక్కాలిట. అంత తీరిక ఆయనకెక్కడిది?

మా పెద్ద డాక్టరమ్మకి తల నెరిసినా లౌక్యం అబ్బలేదు. అందరి ముందే లేచింది.

"అన్ని మాత్రలూ ఒకటి కాదండీ. కొన్ని రకాలు ఐదో నెల దాటాక మేమే వద్దంటాం. పారాసెటమాల్ సంగతి వేరు. అవసరమైనప్పుడు, డాక్టర్ని అడిగి, తక్కువ మోతాదులో కొద్దిరోజులు వేసుకోవచ్చు. జ్వరాన్ని అలా వదిలేస్తేనే బిడ్డకి మంచిది కాదు."

"కొన్ని మంచివీ కొన్ని చెడ్డవీ అంటే జనం కన్ఫ్యూజ్ అవుతారమ్మా," అన్నారు మంత్రిగారు దయగా. "పాలసీ అంటే బ్యానర్ మీద పట్టాలి."

"మరి నొప్పొస్తే?"

"మా అమ్మ ఏడుగుర్ని కంది. ఒక్క మాత్ర మింగలేదు. నొప్పన్న మాటే లేదు."

"ఆవిణ్ణి అడిగారా?"

"అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు," అని, ఎండకి తల పట్టేసిందంటూ పీఏ అందించిన మాత్ర మింగి కారెక్కారు. ఆయన గర్భిణి కారు కాబట్టి ఇందులో ఆక్షేపించడానికేమీ లేదు.

మా టైపిస్టుకి ఏడో నెల. వారం తిరక్కుండానే, ఆ ఉత్తర్వు కాపీలు కొడుతూ కొడుతూ కీబోర్డు మీద తల వాల్చేసింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"ఒళ్లు విరిచేస్తోంది అన్నయ్యగారూ. పొద్దున్నుంచీ బిడ్డ కదలిక కూడా తగ్గింది. భయంగా ఉంది," అంది.

డాక్టరమ్మకి కబురంపి, పారాసెటమాల్ కోసం మందుల కౌంటరుకి పరిగెత్తాను. ఫార్మసిస్టు తల ఎత్తకుండా అడిగాడు.

"ఎవరికి?"

"మన టైపిస్టమ్మకి."

"కుదరదండీ. కొత్త ఉత్తర్వు ప్రకారం గర్భిణికైతే నిపుణుల సంఘం అనుమతి కావాలి."

"సంఘం ఎప్పుడు కూర్చుంటుంది?"

"చైర్మన్‌గారికి నడుంనొప్పి. కూర్చోలేకపోతున్నారు."

"పోనీ, నాకివ్వు."

"మీకైతే ఎన్ని కావాలి?"

అతనిచ్చిన స్ట్రిప్పు గుప్పిట్లో దాచుకుని, దొంగసొత్తు మోసినట్టు మెట్లెక్కాను. అప్పటికే డాక్టరమ్మ పరీక్ష చేసి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేల్చి, సెలైన్ పెట్టించింది. నేను తెచ్చినవాటిలోంచి ఒక మాత్ర వేయించింది. గంటన్నరకి చెమట పట్టి జ్వరం దిగింది. మెషీను లోంచి బిడ్డ గుండె చప్పుడు టకటకా వినిపించేసరికి టైపిస్టు ఏడ్చేసింది. నేను గోడవైపు తిరిగి క్యాలెండరు చదివాను.

కేస్ షీట్లో డాక్టరమ్మ ఉన్నదున్నట్టు రాసింది. పర్యవసానంగా ఆవిణ్ణి పెద్దాసుపత్రిలో మగవాళ్ల వార్డుకి బదిలీ చేశారు. పాతికేళ్లుగా పురుళ్లు పోసిన అనుభవం అక్కడ అక్కరకొస్తుందని ఉత్తర్వులో రాశారు.

నెలాఖరు నివేదిక చూసి మంత్రిగారు అదిరిపడ్డారు. నొప్పి అన్నవాళ్లు నాలుగువందల పన్నెండు మంది!

"మాత్రలు ఆపేశాం కదా, ఇంకా నొప్పులెందుకొస్తున్నాయి?"

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "కేస్ షీట్లో నొప్పి అని ఒక గడి ఉందండీ. ఖాళీగా వదిలితే బాగోదని సిస్టర్లు నింపేస్తున్నారు."

"తీసేయండి."

తీసేశాం. కొత్త షీటు ముద్రించే పని నాకే అప్పగించారు. చాలా చక్కగా వచ్చింది. మరుసటి నెల నొప్పి అన్నవాళ్లు సున్నా. మంత్రిగారికి అభినందన సభ జరిగింది. వేరే దేశాల నుంచి కూడా వచ్చి చూసి నేర్చుకోవాలని వక్తలు కోరారు. నా చేతులు మళ్లీ కలిశాయి.

ఆ సభ జరుగుతుండగానే టైపిస్టుని పురుటిగదిలోకి తీసుకెళ్లారు. మర్నాడు ఆమె షీటు రికార్డుకి నా బల్ల మీదికొచ్చింది. మిగతా గడులన్నీ పద్ధతిగా నిండి ఉన్నాయి. అట్టడుగున "ఇతర వివరాలు" అన్నచోట సిస్టరమ్మ గుండ్రటి అక్షరాలతో రాసింది:

"సాయంత్రం నాలుగూ పదికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. పేషెంటు మధ్యాహ్నం నుంచి గట్టిగా అరిచారు. కారణం తెలియరాలేదు."