చెరగని మామగారు

ఆ రోజు పొద్దున్న రంగులమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే ఫ్యాక్టరీకి చేరడం, టేకు చెక్క డిజైన్‌ను ఒక లామినేట్ షీటు మీద ప్రింటు తీయించడం, దాన్ని ఫర్నిచర్ కంపెనీ యజమానురాలి ముందు పెట్టి దేవుడి మీద భారం వేయడం. అంతే.

రంగులమ్మ అన్నది ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన పేరు. వంటగట్ల మీద, అల్మారాల మీద అతికించే షీట్లకు బొమ్మలు ప్రింటు చేసే ఇంకు తయారుచేయడం ఆవిడ ఉద్యోగం. ఆ ఇంకు మామూలుగా ఎంతసేపున్నా ఆరదు. యూవీ దీపం కిందికి వెళ్తే మాత్రం రెప్పపాటులో రాయిలా గట్టిపడుతుంది. ఆ తర్వాత వేడినీళ్లు పోసినా, పీచుతో తోమినా చెక్కుచెదరకూడదు. ఇంతవరకూ ఆవిడ చేసిన ఇంకులన్నీ దీపం కింద సింహాల్లా ఉండి, నీళ్లు చూడగానే పిల్లుల్లా జారుకున్నాయి. ఈసారి కూడా అంతే అయితే ల్యాబుకు తాళం వేస్తానని మేనేజరు ముందే చెప్పేశాడు.

గుమ్మం దాటబోతుంటే మామగారు ఎదురొచ్చారు. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆయన చూస్తే ఎదుటివాళ్ల చేయి దానంతటదే జేబులోకి పోతుంది.

"అమ్మాయ్, నా పాస్‌పోర్టు ఫొటో నీ పెన్‌డ్రైవ్‌లో వేయించాను. మీ ఆఫీసులో అంత మెషీన్ ఉందిగా, నాలుగు కాపీలు తీసుకురా."

"అది ఫొటోలు తీసే మెషీన్ కాదు మామయ్యగారూ! పైగా ఇవాళ నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే రోజు."

"నాలుగు కాపీలకు ఉద్యోగాలు ఊడవులే."

ఆయనతో వాదిస్తే తెమలదు. రంగులమ్మ తలూపి బయటపడింది.

ఫ్యాక్టరీలో పెన్‌డ్రైవ్‌ను ఆపరేటర్ చేతిలో పెట్టి, "ఫైనల్ అని ఉంటుంది, అది వెయ్యి. షీటంతా నిండాలి" అని చెబుతుండగానే అతిథులు వచ్చేశారని కబురొచ్చింది. ఆవిడ గేటు దగ్గరికి పరుగెత్తింది.

ఆపరేటర్ తెరిచి చూస్తే లోపల రెండున్నాయి. ఒకటి 'ఫైనల్', ఇంకొకటి 'అసలు ఫైనల్'. ఈ రెండోది రంగులమ్మ భర్త పెట్టిన పేరు. తీసిన ప్రతి ఫొటోకీ తండ్రి వంక పెడుతుంటే విసిగి, చివరికి ఆయన ఒప్పుకున్న దానికి అలా పేరు పెట్టాడు. ఆపరేటర్ బుర్ర ఉన్నవాడు. అసలుది ఉండగా మామూలుది ఎవరు వేస్తారు? మీట నొక్కాడు. బొమ్మ చిన్నదైతే షీటు నిండేదాకా దాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ పోవడం ఆ మెషీన్‌కు అలవాటు.

తెర తీసి చూపిస్తే హుందాగా ఉంటుందని మేనేజరు ఒక ఎర్ర గుడ్డ తెప్పించి ఉంచాడు. ఆపరేటర్ దాన్ని రెండు చేతులా మొహానికి అడ్డంగా పట్టుకొచ్చి, దీపం కింద నుంచి బయటికొచ్చిన షీటు మీద కప్పేశాడు. తాను ఏం ప్రింటు చేశాడో తనకే తెలియదు.

అందరూ వచ్చి నిలబడ్డాక మేనేజరు గొంతు సవరించుకుని గుడ్డ లాగాడు.

టేకు చెక్క లేదు. మామగారున్నారు. ఒకరు కాదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా మామగార్లే. అందరూ కలిసి యజమానురాలి వంక 'టికెట్ ఏదీ' అన్నట్టు చూస్తున్నారు.

"ఎవరండీ ఈ పెద్దమనిషి?" అంది యజమానురాలు.

మేనేజరుకు తెలియదు. కానీ తెలియదన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

"మా సంస్థ వ్యవస్థాపకులు మేడమ్. ఆయన బొమ్మతోనే శుభారంభం చేద్దామని..."

"ఎంత మంచి ఆలోచన! ఒకసారి కలవచ్చా? ఎక్కడుంటారు?"

మేనేజరు బిక్కచచ్చి వేలు పైకి చూపించాడు.

"అయ్యో పాపం" అని యజమానురాలు చేతులు కట్టుకుని తల దించింది. ఆవిడను చూసి అందరూ దించారు. ఇంట్లో నిక్షేపంలా ఉన్న మామగారి ఆత్మశాంతి కోసం కోడలు కూడా తల దించక తప్పలేదు.

ఆ మౌనంలో తలుపు కిర్రుమంది. మామగారు లోపలికొచ్చారు. ఫొటోలు ఇవాళే ఇవ్వాలని పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట. కోడలు ఫోనెత్తకపోయేసరికి స్వయంగా బయల్దేరారు. గేటు దగ్గర ఆపబోయిన వాచ్‌మన్, ఆ చూపు చూసి తన గుర్తింపు కార్డే తీసి చూపించాడు.

అందరి వాలకం చూసి మామగారు కూడా తల దించి, కోడలి పక్కన చేరి మెల్లగా అడిగారు.

"ఎవరమ్మా పోయింది?"

"మీరే మామయ్యగారూ."

యజమానురాలు తలెత్తింది. షీటు వంక చూసింది, ఆయన వంక చూసింది, కెవ్వుమంది. మేనేజరు దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

రంగులమ్మ ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పింది. మామగారికి అందులో ఒక్కటే చెవికెక్కింది.

"ఇది వంటగట్టు మీద వేసేదా? అంటే నా మొహం మీద ఉల్లిపాయలు తరుగుతారా? ఇప్పుడే చెరిపేస్తా!"

తడిగుడ్డ తీసుకుని తుడిచారు. పోలేదు. సబ్బు రాశారు. పోలేదు. టీ కోసం మరుగుతున్న నీళ్లు తెచ్చి పోశారు. ఆవిర్లలోంచి మొహాలన్నీ అంతే గుర్రుగా చూశాయి. చొక్కా చేతులు మడిచి, గిన్నెలు తోమే ఇనుప పీచు పట్టారు.

"వద్దు మామయ్యగారూ, అందరూ చూస్తున్నారు..." అని ఆపబోయిన రంగులమ్మ వంగి షీటును చూసి అలాగే ఉండిపోయింది. మీసంలో ఒక్క వెంట్రుక చెదరలేదు. ఆవిడ సిగ్గు, భయం ఎటుపోయాయో తెలియదు.

"ఆపకండి మామయ్యగారూ! ఆ ముక్కు దగ్గర తోమండి! ఇంకా గట్టిగా!"

"పోవట్లేదే!"

"పోదు మామయ్యగారూ, పోదు!" అంటూ చప్పట్లు కొట్టింది.

యజమానురాలు ఉండబట్టలేక తనూ ఒక పీచు అందుకుంది. ఒక చెవి మీద చేయి నొప్పెట్టేదాకా తోమి, పీచు కింద పడేసింది.

"చాలా కంపెనీల్లో పరీక్షలు చూశాను. అన్నిచోట్లా ఇంకు పోకూడదని దండాలు పెట్టుకుంటూ తోమారు. పోవాలని పంతం పట్టి తోమిన మనిషిని ఇక్కడే చూశాను. టేకు డిజైన్‌లో పంపండి, మొత్తం సరుకు మేమే తీసుకుంటాం" అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "మీ వ్యవస్థాపకులకు కాస్త మంచినీళ్లిప్పించండి" అంది.

మామగారు చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. కోడలు గ్లాసు అందించింది. ఆయన ఒక గుక్క తాగి, షీటును ఒకసారి, ఆవిడను ఒకసారి తేరిపార చూశారు.

"గట్టిదానివే అమ్మాయ్" అన్నారు.

ఆయన ఇంట్లో గానీ బయట గానీ ఇలాంటి మెప్పు మాట ఎవరినీ అని ఎరగరు. రంగులమ్మకు ఆర్డరు వచ్చినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

ల్యాబుకు తాళం పడలేదు, ఇంకో గది కలిసింది. మంచి షీటును పారేయడం దేనికని క్యాంటీన్‌లో పెద్దబల్లకు దాన్నే అతికించారు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే టీ గొంతులో పోసుకుని లేచిపోవడమే తప్ప కబుర్లు చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఉత్పత్తి బాగా పెరిగింది. అదంతా తన పర్యవేక్షణ ఫలితమేనని మేనేజరు పైవాళ్లకు నివేదించాడు.