గోడ మీద యాభైమూడో బొమ్మ

ఆ రోజు మింకో పెట్టుకున్న పని ఒక్కటే. చెక్క సూర్యుడికి ఆఖరి కిరణం చెక్కి, జిగురుతో అతికించి, మధ్యాహ్నానికల్లా మేయరు గారింటి లోపలి కప్పుకి బిగించెయ్యాలి. చెక్కడాలకి పేరుపడ్డ ట్రయావ్నా ఊళ్లో చెక్కపనివాడికి అంతకంటే గొప్ప ఏముంటుంది!

పొద్దున్నే పనిశాల తెరిచి, పొయ్యి మీద జిగురు కాగబెట్టి, అలవాటుగా గోడకేసి చూశాడు. ఆ గోడంటే ఆయనకి ప్రాణం. ఉలి, సుత్తి, చిత్రిక, దేని మేకుకి అది వేలాడుతుంది. దేని వెనకాల దాని బొమ్మ పెన్సిల్‌తో గీసి ఉంటుంది. ఏది మాయమైనా ఖాళీ బొమ్మ పట్టిచ్చేస్తుంది. మనుషుల మీద నమ్మకం లేక చేసుకున్న ఏర్పాటది.

ఇవాళ ఒక బొమ్మ ఖాళీగా ఉంది. గుండ్రటి పొట్ట, దానికి పొడుగాటి తోక.

మింకో పనిముట్లు లెక్కపెట్టాడు. యాభైరెండూ ఉన్నాయి. ఇంకొకడైతే హమ్మయ్య అనుకునేవాడు. మింకో మాత్రం, "అయితే పోయింది యాభైమూడోదన్నమాట!" అని తేల్చేశాడు. అదేమిటో గుర్తు రాకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. ఎంత గట్టి దొంగ కాకపోతే వస్తువుతో పాటు జ్ఞాపకాన్ని కూడా ఎత్తుకుపోతాడు!

ఇంతలో బామ్మర్ది దెచ్కో వచ్చాడు. మామగారు వదిలిపోయిన ఒకే బల్ల మీద ఇరవై ఏళ్లుగా ఇద్దరూ పనిచేస్తున్నారు.

"ఏరా, ఇక్కడుండేది ఏమైంది?"

"ఏది బావా?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

దెచ్కో బొమ్మని చూశాడు, బావని చూశాడు. "పొట్టా, తోకా... ఎవరో నీ బొమ్మే గీశారు బావా!" అని పగలబడి నవ్వాడు.

నవ్వుతున్నాడంటే ఏదో ఉంది, అనుకున్నాడు మింకో.

వెంటనే వెళ్లి, పక్కనే తాళాలు బాగుచేసే జెల్యో కొట్టు గుమ్మంలో మింకో నిలబడ్డాడు. "నా సామాను ఒకటి పోయింది. ఎవరు తీశారో నాకు తెలుసు," అన్నాడు ఊరికే, గాల్లోకి.

జెల్యో మొహం పాలిపోయింది. లోపలికెళ్లి పట్టుకారు తెచ్చి చేతిలో పెట్టాడు. "తప్పయిపోయింది అన్నా. నువ్వా బొమ్మలు గీయకముందు తీసుకెళ్లా. ఇద్దామిద్దామనుకుంటూనే..."

అదొకటి పోయినట్టే మింకోకి తెలీదు.

కబురు వీధంతా పాకింది. రొట్టెలమ్మే స్తానా ఇద్దరు పట్టి లాగే పెద్ద రంపం మోసుకొచ్చింది. చర్చి ఫాదరు కొయ్యసుత్తి పంపాడు, అక్రోటుకాయలు కొట్టుకోడానికి తీసుకున్నాడట. పదింటికల్లా ఏడు సామాన్లు పోగయ్యాయి. ఒక్కటీ బొమ్మకి సరిపోలేదు.

"వీధి వీధంతా దొంగలే!" అని మింకో గుమ్మంలో నిలబడి అరిచాడు. అరిచాక అసలు సంగతి తట్టింది. అందరూ ఏదో ఒకటి తెచ్చిచ్చారు. ఇవ్వనివాడు ఒక్కడే.

"దెచ్కో, నువ్వేం ఇచ్చావురా?"

"తీసుకుంటే కదా ఇవ్వడానికి!"

"ఏ దొంగైనా చెప్పే మాటే అది. ఇక నీకూ నాకూ కుదరదు. బల్ల రెండు ముక్కలు చేసేద్దాం."

దెచ్కో నవ్వు ఆగిపోయింది. "మా నాన్న బల్ల... సరే, కానీ! నీ పక్కన నిలబడే కంటే సగం బల్లే నయం."

ఇద్దరు లాగే రంపం కాబట్టి కోపంలో కూడా కలిసే కొయ్యాల్సొచ్చింది. "సరిగ్గా లాగరా!" "నువ్వే వంకరగా నెడుతున్నావ్ బావా!" ఇరవై ఏళ్లలో వాళ్లు అంత ఒద్దికగా ఏ పనీ చెయ్యలేదు. బల్ల మూడొంతులు తెగేసరికి గిన్కా వచ్చింది. మింకోకి పెళ్లాం, దెచ్కోకి అక్క.

ఆమె ఎవరినీ పలకరించలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికెళ్లి, జిగురు కాగుతున్న రాగి గిన్నెని పొడుగు పిడి పట్టుకుని ఎత్తి, గోడ మీది బొమ్మకి ఆనించింది. అచ్చంగా సరిపోయింది.

"నా కాఫీ గిన్నె! ఈస్టరు నించి ఏదీ ఏదీ అని అడుగుతున్నా. నిన్న ఇక్కడ కనబడింది. నోటితో చెప్తే నీకెక్కదు కదా, గోడ మీద చూస్తేనైనా సిగ్గుపడి తెచ్చిస్తావని నేనే గీశా."

రంపం ఆగింది. జిగురు బయట ఒలకబోసి, గిన్నె తీసుకుని గిన్కా వెళ్లిపోయింది.

"దొంగ దొరికాడు బావా," అన్నాడు దెచ్కో.

మింకో బల్లని చూశాడు, ఆఖరి కిరణం లేని సూర్యుణ్ణి చూశాడు. "అతికిద్దాంరా," అన్నాడు నీరసంగా.

"అతికిద్దాం. జిగురు దేంట్లో కాస్తావ్? పో, వీధిలో ఎవర్నైనా ఓ గిన్నె అడిగి పట్రా."

మింకో బయటికి తొంగిచూశాడు. పట్టపగలు వీధిలో ప్రతి గుమ్మానికీ తాళం వేసి ఉంది, జెల్యో గుమ్మానికి రెండు.