ఎవరి విజిల్?

ఆ రోజు రాత్రి వంట తానే చేస్తానని సెబాస్టియన్ పొద్దున్నే భార్యకు మాటిచ్చాడు. సినిమాలకు సౌండ్ రికార్డిస్టుగా పనిచేసే అతను కొంతకాలంగా ఖాళీగా ఉన్నాడు. ఫిల్మ్ నగర్‌లో ఎడిటరుగా పనిచేసే జెరూష, డైరెక్టర్ నాగసాయిని భోజనానికి పిలిచింది. ఆయన కొత్త సినిమాకి సౌండ్ మనిషి ఇంకా కుదరలేదు.

"కుక్కర్లో చికెన్, బియ్యం కలిపి పెట్టడమేగా," అన్నాడు సెబాస్టియన్.

"మూడు విజిళ్లకు ఆపేయండి. చెవులతో బతికేవాళ్లు, ఆ మాత్రం వినపడుతుందిగా," అని జెరూష వెళ్లిపోయింది.

సాయంత్రం ఉల్లిపాయలు వేయించి, చికెన్, నానిన బియ్యం వేసి, నీళ్లు పోసి మూత పెట్టాడు. నాగసాయితో ఏం మాట్లాడాలో అనుకుంటూ హాల్లో కూర్చున్నాడు. మూడు విజిళ్లు రాగానే వెళ్లి స్టవ్ ఆపాడు. కాసేపాగి మూత తీస్తే ముక్క పచ్చిగానే ఉంది, బియ్యం పలుకు విరగలేదు.

అతనికి కంగారు కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. మళ్లీ వెలిగించి, ఈసారి కుక్కర్ ఎదురుగానే నిలబడ్డాడు. విజిల్ గట్టిగా వినిపించింది. కుక్కర్ మీది వెయిట్ మాత్రం కదల్లేదు. కిటికీలోంచి పైకి చూస్తే, పై ఇంటి వంటగది కిటికీ కూడా అదే సందులోకి తెరిచి ఉంది. సంగతేమిటో తేల్చుకోకుండా ఉండలేక, స్టవ్ అలాగే వదిలి మెట్లెక్కాడు.

పై ఇంటి శ్యామలాదేవి అతని మాట వినకముందే తన గోడు మొదలుపెట్టింది. వారం నుంచి పప్పు ఉడకడం లేదట. ఇప్పుడే అన్నం దించి మళ్లీ పప్పు పెట్టిందట. కొట్టువాడితో తగువు పెట్టుకుందట, కుక్కర్ రబ్బరు కూడా మార్చిందట. తమ ఇంటి విజిళ్లను కూడా ఆమె తన లెక్కలో కలుపుకుంటోందని సెబాస్టియన్ వివరిస్తుండగానే వంటగది వైపు నుంచి విజిల్ వినిపించింది.

"ఇది మీదేనండీ," అన్నాడు చెవి రిక్కించి. ఇంకో రెండు రాగానే ధీమాగా ఆపేయమన్నాడు. ఆమె వెళ్లి స్టవ్ ఆపి వచ్చి కూర్చుంది. మళ్లీ విజిల్ వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకొకటి వచ్చేసరికి సెబాస్టియన్ మెట్ల మీద ఉన్నాడు.

జెరూష, నాగసాయి వచ్చేటప్పటికి కుక్కర్లో ఉన్నది జావ. చేసేదేమీ లేక దాన్నే గిన్నెల్లో పోసి స్పూన్లు ఇచ్చాడు. నాగసాయి మర్యాదకు ఒక స్పూను నోట్లో పెట్టుకుంటుండగా, శ్యామలాదేవి పప్పుగిన్నెతో గుమ్మంలోకి వచ్చింది.

"బంద్ చెయ్యమంటివి, చేసిన. గిప్పుడు సూడు, రాయి తీరుగున్నది. సినిమాల్ల గిట్లనే ఇంటవా బిడ్డా?"

నాగసాయి స్పూను కింద పెట్టాడు.

"అమ్మా, ఆ మాట ఇంకోసారి అనండి."

"ఏం, ఒక్కసారికి సమజ్ కాలేదా?"

నాగసాయి లేచి ఆమెకు తన కుర్చీ ఇచ్చాడు. తన సినిమాలో నాయనమ్మ పాత్రకు డబ్బింగ్ చెప్పే గొంతు కోసం హైదరాబాదంతా వెతుకుతున్నానని, రేపే స్టూడియోకి రమ్మని బతిమాలాడు. ఆమె చాలాసేపు బెట్టు చేసి, చివరికి సరేనంది.

సెబాస్టియన్‌ను కూడా ఆ సినిమాకి తీసుకున్నారు, సౌండుకు మాత్రం కాదు. ఆవిడ ఆటో ఎక్కనంది, అతనికి స్కూటర్ ఉంది.