గంగులమ్మ టెంకాయకు ప్రభుత్వ సీలు

అనుమతి లేకుండా మేలు చేసే వస్తువును మించిన ముప్పు ప్రజలకు లేదు. 2009లో తిరుపతిలో ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు సహజ ద్రవౌషధాల అధికారి బాలసుబ్రమణ్యం. లేత టెంకాయ నీళ్లలో కొన్ని సూక్ష్మజీవులను అణచే చిన్న ప్రొటీన్లు ఉన్నాయని, ముందుముందు మందులకు పనికిరావచ్చని ఆయన పేపర్లో చదివాడు. క్రిములను చంపేది మందు, మందుకు లైసెన్సు ఉండాలి. ('రావచ్చు' అన్న మాటకు ఫారంలో గడి లేదు.)

ఆసుపత్రి గేటు దగ్గర పద్దెనిమిదేళ్లుగా టెంకాయలు కొడుతున్న గంగులమ్మకు ఆ మధ్యాహ్నమే నోటీసు వచ్చింది. ప్రతి కాయ మీదా తయారీదారు పేరు, గడువు తేదీ ఉండాలి. నమూనా పరీక్షలో నెగ్గకపోతే బండి తీసేయాలి. బండి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె ఒక కాయ చంకనబెట్టుకొని బాలసుబ్రమణ్యం ఆఫీసుకు పరుగెత్తింది.

"తయారుజేసింది చెట్టు గదా సారూ! సత్యవేడు కాడ మా బావ తోటలో ఉండాది."

"చెట్టు నంబరు చెప్పమ్మా. సరే, ముందు నమూనాకు సీలేదీ?"

"కాయ పుట్టేదే సీలుతో గదా సారూ. లోపలికి చీమ గూడా పోలేదు."

"అది ప్రభుత్వ సీలు కాదు."

అటెండరు మునిరామయ్య ఆఫీసు సీసాను కుళాయి కింద కడిగి, భుజం మీది తుండుతో లోపలంతా తుడిచి, కాయకొట్టి నీళ్లు పోసి, లక్క వేశాడు. ఆ సీసా సంతకం కోసం మే నెల ఎండలో కిటికీ పక్కన నాలుగు రోజులు ఎదురుచూసింది.

ఫలితం: క్రిములు కోకొల్లలు. క్రిములను చంపలేదు కాబట్టి ఇది మందు కాదు. క్రిములున్నాయి కాబట్టి తినే వస్తువూ కాదు.

"మరి నేను అమ్మేది ఏంది సారూ?" అంది గంగులమ్మ.

"అది మా పరిధిలోకి రాదు" అన్నాడాయన. బండి గేటు దగ్గర నుంచి లేచిపోయింది.

వారం తిరక్కముందే సారుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లేత టెంకాయ నీళ్లు తాగమన్నాడు డాక్టరు. గేటు దగ్గర ఎవరున్నారు గనక? మునిరామయ్య ఊరంతా గాలించి, బస్టాండు వెనక సందులో గంగులమ్మను పట్టుకున్నాడు. ఆమె లేతవి ఏరి రెండు కాయలు చేతిలో పెట్టింది.

"సారుకు తాపు అప్పా, పాపం. కాయను కాయగానే తీసకపో. మీ ఆపీసు సీసాలో మాత్రం పొయ్యొద్దు."

సారు మూడు రోజుల్లో కోలుకున్నాడు. ఆఫీసుకు రాగానే ఫైలు తెప్పించుకొని ఒక్క వాక్యం రాశాడు: "సదరు వ్యాపారి నోటీసు తర్వాత కూడా అమ్మకం సాగిస్తున్నట్టు స్వయంగా తాగి నిర్ధారించుకున్నాను."