దొర నుదుటి మచ్చ

ఆ రోజు పదింటికి పశువుల డాక్టరు వచ్చి దొరను చూడాలి. దొర అంటే ముసలమ్మ పెంచుతున్న నల్ల పొట్టేలు. ఆ పాత జాతిలో చుట్టుపక్కల మిగిలిన మగది అదొక్కటే. డాక్టరు అసలు జాతేనని రిజిస్టరులోకి ఎక్కిస్తే ఇక దాని జోలికి ఎవరూ రారు. ఎక్కించకపోతే పదకొండింటికి మాంసం కొట్టాయన తోలుకుపోతాడని కొడుకు ముందే తేల్చేశాడు.

ముసలమ్మ తెల్లారకముందే దొరకు స్నానం చేయించింది. నుదుటి మీదున్న తెల్లమచ్చ ఆమెను భయపెట్టింది. పక్కింటివాళ్ల సంకర గొర్రెలన్నీ తెల్లవే. ఇదీ అందులోదే అనేస్తే? కొడుకు గడ్డం గీసుకునే పెట్టె వెనక దాచిన నల్లరంగు తెచ్చి, మచ్చ మీద కుంచెతో శ్రద్ధగా పూసింది.

కోడలు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేశారత్తయ్యా! ఆ మచ్చే కదా జాతి గుర్తు! ఫారంలో మొదటి గడి అదే!"

"నాకేం తెలుసే! చదివినదానివి, ముందే చెప్పొద్దూ?"

సబ్బుతో రుద్దారు, పోలేదు. గేటు చప్పుడైంది. కోడలు పరుగెత్తి పౌడరు డబ్బా తెచ్చి, దొర నుదుట సగం గుమ్మరించింది.

డాక్టరు వంగి చూశాడు. దొర తల విదిలించి తుమ్మింది. మచ్చ మొత్తం డాక్టరు మీసానికి మారింది.

"పౌడరు పూసి జాతి మారుస్తారా?" అంటూ ఆయన రిజిస్టరు మూసేశాడు. గేటు దగ్గర మాంసం కొట్టాయన ముందుగానే వచ్చి, తెచ్చుకున్న తాడు విప్పుతున్నాడు.

"మచ్చ నిజమే బాబూ! నేనే రంగేసి చెడగొట్టాను. మావాడు తలకేసుకునే రంగు."

గుమ్మంలో ఉన్న కొడుకు ఎగిరిపడ్డాడు. "నేను రంగేసుకోవడమేంటమ్మా! నాది పుట్టు నలుపు." పెళ్లయిన పన్నెండేళ్లుగా పెళ్లానికీ అదే చెబుతున్నాడు.

"రంగే లేదంటున్నాడుగా" అని డాక్టరు లేచాడు.

ముసలమ్మ కొడుకు చెవి పట్టుకుని వంచింది. "మీరే పాయ తీసి చూడండి బాబూ."

డాక్టరు తీశాడు. పైన నిగనిగలాడే నలుపు, మొదళ్లలో అంతా తెలుపు. ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత వంగి, దొర నుదుటి ఉన్నిని కూడా అలాగే పాయ తీశాడు. రంగు పైపైనే ఆగిపోయింది. లోపల పాలలాంటి తెలుపు.

"ఇక్కడా అంతే" అని రిజిస్టరు తెరిచాడు.

మాంసం కొట్టాయన తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. ముసలమ్మ దొర మెడ కావలించుకుంది. కోడలు మాత్రం మొగుడి నెత్తి వైపే చూస్తోంది.

"పుట్టు నలుపన్నారు?"

దొరది అసలు జాతేనని డాక్టరు సంతకం చేశాడు. కొడుకు విషయంలో ఎవరూ పూచీ పడలేదు.