బుల్లెట్ గారి చేరిక

"ఈ రోజు నుంచి మన నియోజకవర్గంలో ఏ కుక్కయినా, ఏ పిల్లి అయినా వేళాపాళా చూసుకోకుండా నిర్భయంగా జబ్బు పడవచ్చు!" అని మంత్రి యలమందయ్య గారు ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. అంతటి భరోసా మా ఊళ్ళో మనుషులకే ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజు జరిగింది ఇరవై నాలుగు గంటల పెంపుడు జంతువుల అత్యవసర వైద్యశాల ప్రారంభోత్సవం. పేరు పొడుగ్గా ఉందని కంగారు పడకండి. అంత పేరూ పట్టేలా ఫ్లెక్సీ వేసింది నేనే. ఆసుపత్రి పక్కనే ఉన్న బాషా ఫ్లెక్స్ ప్రింటింగ్ నాది. ఫ్లెక్సీలో మంత్రిగారు ఒక చేత్తో కుక్కపిల్లనీ, ఇంకో చేత్తో పిల్లికూననీ ఎత్తుకుని చిరునవ్వు నవ్వుతుంటారు. అసలు ఫొటోలో ఆ చేతుల్లో ఉన్నవి ఒక శాలువా, ఒక గుమ్మడికాయ. మిగతాది నా కంప్యూటరు చూసుకుంది. మంత్రిగారి చిరునవ్వు మాత్రం ఒరిజినలే. గుమ్మడికాయని చూసి కూడా అలా నవ్వగలగడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఆసుపత్రి పొద్దున పదింటికి తెరిచేవారు, సాయంత్రం ఐదింటికి తాళం వేసేవారు. గిట్టనివాళ్ళు దీన్ని పట్టుకుని రాద్ధాంతం చేశారు. ఇరవై నాలుగు గంటలూ ఒకే రోజులో పూర్తి చేస్తామని మంత్రిగారు ఎక్కడా అనలేదు. రోజుకి ఏడు గంటల చొప్పున మూడున్నర రోజుల్లో పూర్తవుతున్నాయి కదా!

కొన్నాళ్ళకి డాక్టర్ ప్రసన్నకుమార్ గారిని డెప్యుటేషన్ మీద మంత్రిగారి బంగళాకి పంపారు. దానికో కారణం ఉంది. మంత్రిగారు స్నోయీ అని ఒక మంచు దేశపు కుక్కని తెచ్చుకున్నారు. మిరపకాయలు రెండు రోజుల్లో గలగలమని ఎండే ఊళ్ళో అంత బొచ్చుతో బతకాలంటే పక్కన డాక్టరు ఉండాలా వద్దా? డాక్టరు వెనకాలే ఆసుపత్రి ఏసీ వెళ్ళింది. ఏసీ వెనకాలే అంబులెన్స్ వెళ్ళింది, స్నోయీని మార్నింగ్ వాక్‌కి తీసుకెళ్ళడానికి. కాంపౌండరు ఎవరూ చెప్పకుండానే పరిస్థితి అర్థం చేసుకుని కనిగిరిలో అత్తగారింటికి వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో కదలకుండా నిలబడింది శిలాఫలకం ఒక్కటే. అందులోనూ మంత్రిగారి పేరే ఉంది కాబట్టి, ఆయన స్వయంగా డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

ఆ శిలాఫలకం కింద గ్రానైటు అరుగు ఒకటి ఉంది. మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. దాని మీద బుల్లెట్ పడుకునేవాడు.

బుల్లెట్ అంటే ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్న అమీర్‌బీ అక్క కుక్క. గోధుమరంగు వాడు, ఒక చెవి సగమే ఉంటుంది. అక్కకి మొగుడు పోయాక ఆ బండి, ఈ కుక్క, ఇవే సంసారం. మొదటి వాయిలో మొదటి బజ్జీ వాడిదే. లోపలి మిరపకాయ తీసేసి, ఊది ఊది చల్లార్చి మరీ పెట్టేది. నా దగ్గర మాత్రం చిల్లరతో సహా లెక్కగట్టి తీసుకునేది.

ఆ రోజు సాయంత్రం పత్తి చేలో మందు కొట్టి వచ్చినాయన ఎవరో ట్యాంకు తెచ్చి వీధి కుళాయి దగ్గర కడుక్కుని వెళ్ళాడు. గుంటలో నిలిచిన ఆ నీళ్ళు బుల్లెట్ తాగాడు. బజ్జీల పిండి కలుపుతున్న అక్క చూసేసరికి వాడి నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. రెండడుగులు వేసి కూలబడ్డాడు.

"బాషా! ఒరేయ్ బాషా! వీడు చచ్చిపోతన్నాడ్రా!"

పరుగెత్తాను. ఆసుపత్రికి తాళం. తాళం పైన నా ఫ్లెక్సీలో మంత్రిగారు కుక్కపిల్లని ఎత్తుకుని నవ్వుతున్నారు. ఐదు దాటి పది నిమిషాలైంది. దాటకపోయినా లోపల ఎవరూ లేరనుకోండి. గుంటూరు తీసుకెళ్ళాలంటే గంటన్నర దారి. వాడికి అంత టైము ఉన్నట్టు కనపడలేదు.

"డాక్టరు బంగళాలోనే ఉంటాడంటగా, పదరా" అంది అక్క. వాడిని దుప్పట్లో చుట్టి నా బండి వెనకాల కూర్చుంది. బండి ముందు అప్పటికే పార్టీ కండువాల మూట ఉంది. ఆ సాయంత్రం బంగళాలో చేరికల కార్యక్రమం, కండువాల ఆర్డరు నాదే. ఏ రంగువో చెప్పను. నాకు రెండు పార్టీల ఆర్డర్లూ వస్తాయి.

బంగళా గేటు దగ్గర మంత్రిగారి పీఏ ఇమ్మానియేలు గారు ఆపారు. ఆయన చాలా పద్ధతిగల మనిషి.

"ఏం పని మీద?"

"కుక్క మందు నీళ్ళు తాగింది సార్. డాక్టరు గారు చూస్తే బతుకుద్ది."

"డాక్టరు గారు డ్యూటీలో ఉన్నారు."

"అందుకే వచ్చాం సార్."

"డ్యూటీలో ఉన్నవాళ్ళని డిస్టర్బ్ చేయకూడదమ్మా. అత్యవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అందుకేగా కట్టించింది?"

"తాళం వేసుంది సార్!"

"ఐదు దాటాక వేయరా మరి?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఫ్లెక్సీ బిల్లులు ఆయన సంతకంతోనే పాసవుతాయి కాబట్టి ఆ మంటని లోపలే ఉంచుకున్నాను.

ఇమ్మానియేలు గారు వాచీ చూసుకున్నారు. "ఇవాళ చేరికలు. పార్టీలో చేరేవాళ్ళని తప్ప ఎవర్నీ లోపలికి పంపొద్దని ఆర్డరు."

అక్క ఒకసారి నా కండువాల మూట వైపు చూసింది. ఒకసారి ఒళ్ళో వణుకుతున్న దుప్పటి వైపు చూసింది.

"అయితే చేరతాం సార్."

"ఎవరు?"

"వీడే. బుల్లెట్."

ఇమ్మానియేలు గారు ఆలోచనలో పడ్డారు. తరవాత తెలిసింది, అప్పటికి లోపల కుర్చీల్లో ఉన్నది పన్నెండు మంది. వాళ్ళలో నలుగురు కుర్చీలు వేయడానికి వచ్చిన టెంట్‌హౌస్ వాళ్ళు. పైనుంచి వచ్చిన టార్గెట్ ప్రకారం వందకి తగ్గకూడదు.

"ఎన్ని కుటుంబాలతో చేరుతున్నాడు?" అన్నారు గొంతు తగ్గించి.

"ఏం చెప్పమంటారు సార్. ఆరో వార్డులో సగం వీడి పిల్లలే!"

"నలభై కుటుంబాలు అని రాసుకుంటా. దుప్పటి తల మీదుగా కప్పండి. ఫొటోలో మూతి కనపడకూడదు."

అలా బుల్లెట్ ఆరో వార్డు సీనియర్ నాయకుడిగా లోపలికి ప్రవేశించాడు.

చేరికల్లో మంత్రిగారికి ఉన్న అనుభవం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. కండువా కప్పేటప్పుడు చేరేవాడిని చూడకూడదు, కెమెరాని చూడాలి. కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. మంత్రిగారు జీవితంలో ఒక్కసారి కూడా చేయలేదు. కెమెరా వైపు నవ్వుతూ చెయ్యి చాచారు, నేను కండువా అందించాను, ఆయన దుప్పటి మీద కప్పారు. బుల్లెట్ చొంగ ఆయన ముంజేతి మీద జారింది.

"పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావా తమ్ముడూ" అన్నారు మంత్రిగారు కెమెరాతో. "ఆ పార్టీలో నిన్ను ఎంత క్షోభ పెట్టారో నాకు తెలుసు. ఇక నీకు నేనున్నాను."

బుల్లెట్ గుర్రుమని మూలిగాడు.

"అయ్యా, వీడికి ఒంట్లో బాగలేదయ్యా!" అంది అక్క. ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

మంత్రిగారు చలించిపోయారు. వీడియో కూడా తీస్తున్నారు. "మన కార్యకర్తకి ఒంట్లో బాగలేకపోతే చూస్తూ నిలబడతారేమయ్యా! డాక్టర్ని పిలవండి!"

ఆ చుట్టుపక్కల ఉన్న డాక్టరు ఒక్కరే. స్నోయీ ఏసీ గదిలోంచి స్వెటర్‌తో పరుగెత్తుకుంటూ వచ్చారు ప్రసన్నకుమార్ గారు. దుప్పటి తీసి చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. నెలల తరబడి స్నోయీ బొచ్చు దువ్వి దువ్వి, తను డాక్టరన్న సంగతి ఆయనకే అనుమానంగా ఉన్నట్టుంది.

"పత్తి మందేనా? ఎంతసేపైంది?" అంటూనే సూది ఎక్కించారు. వరండాలోనే మోకాళ్ళ మీద కూర్చుని సెలైన్ పెట్టారు. సెలైన్ సీసా వేలాడదీయడానికి స్టాండు లేకపోతే మైకు స్టాండు లాక్కొచ్చాను. ఉపన్యాసం ఆగింది. అయినా ఎవరూ బాధపడలేదు.

చీకటి పడేవేళకి వణుకు తగ్గింది. బుల్లెట్ తల ఎత్తి, మెడలో కండువాని వాసన చూసి, అక్క చెయ్యి నాకాడు. అక్క వాడి సగం చెవిని పట్టుకుని "దొంగనాయాలా, నా ప్రాణాలు తోడేశావు గదరా" అని మళ్ళీ ఏడ్చింది. డాక్టరు గారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది.

మర్నాడు పేపర్లో వచ్చింది. 'ఆరో వార్డులో ప్రతిపక్షానికి భారీ షాక్. నలభై కుటుంబాలతో సీనియర్ నాయకుడు బుల్లెట్ చేరిక. అస్వస్థతను సైతం లెక్కచేయని నిబద్ధత.'

సాయంత్రానికి ప్రతిపక్షం ప్రెస్‌మీట్ పెట్టింది. "బుల్లెట్ వెళ్ళిపోయినందువల్ల మాకు వీసమెత్తు నష్టం లేదు. క్రమశిక్షణ లేదని ఆయన్ని ఎప్పుడో సస్పెండ్ చేశాం" అన్నారు. రెండు పార్టీలూ నాకు ఫ్లెక్సీలు ఆర్డరిచ్చాయి. ఫొటో ఎవరూ అడగలేదు.

సంగతి ఊళ్ళో పాకింది. ఆ తరవాత వారమంతా సాయంత్రం ఐదు దాటితే బంగళా ముందు క్యూ. దుప్పట్లలో, బుట్టల్లో, తువ్వాళ్ళలో చేరికలు. ఒక పిల్లి ఇరవై కుటుంబాలతో చేరింది. నల్లపాడు నుంచి ఒకాయన రైలెక్కించి మరీ తెచ్చిన పామరేనియన్, మంత్రిగారు కండువా కప్పబోతే కరవబోయింది. దాన్ని అసంతృప్త వర్గంగా గుర్తించి బుజ్జగించారు. డాక్టరు గారు పదేళ్ళు చిన్నవారైపోయారు.

అయితే, వచ్చినవాళ్ళంతా డాక్టరు కోసమే చూస్తున్నారు, తన వైపు చూడటం లేదని మంత్రిగారు కనిపెట్టారు. ఓటుహక్కు లేనివారి చేరికలు అంతటితో నిలిపివేయాలని ఇమ్మానియేలు గారికి ఆదేశాలిచ్చారు. గేటు మూసుకుంది. డాక్టరు గారు మళ్ళీ స్వెటర్ వేసుకున్నారు.

ఈలోగా ఆ వారం చేరికల అంకెలు రాష్ట్ర కార్యాలయానికి చేరి, అక్కడ పెద్దలు ముగ్ధులయ్యారు. త్యాగం చేసి వచ్చినవాళ్ళని గౌరవించాలని నామినేటెడ్ పదవులు ప్రకటించారు. జాబితాలో మూడో పేరు: శ్రీ బుల్లెట్, ఆరో వార్డు. పదవి, అత్యవసర పశువైద్యశాల అభివృద్ధి కమిటీ చైర్మన్.

తప్పు జరిగిందని పైకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆసుపత్రి ఆవరణలో కుర్చీ వేశారు, దండ వేశారు. అక్క కొత్త బెల్టు కొని కట్టింది. చైర్మన్ గారు కుర్చీ దిగి అరుగు మీద పడుకుని, తొలి సమావేశానికి అధ్యక్షత వహించారు. ఒక్క తీర్మానాన్ని కూడా ఆయన వ్యతిరేకించలేదు. కాబట్టి డాక్టరు గారి డెప్యుటేషన్‌ని మరో ఏడాది పొడిగించే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

నిన్న సాయంత్రం ఐదున్నరకి సుబ్బరావమ్మ గారని ఒక పెద్దావిడ ఆటో దిగింది. చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి. దారం మింగిందట, సగం గొంతులోనే ఉండిపోయిందట. ఆవిడ తాళం వైపు చూసింది. దాని పైన ఇరవై నాలుగు గంటలు అని నేను రాసిన అక్షరాల వైపు చూసింది. నా షాపు వైపు తిరిగింది.

"ఏం బాబూ, ఈ టైములో డ్యూటీలో ఎవరూ ఉండరా?"

"ఉన్నారమ్మా. చైర్మన్ గారు ఉన్నారు."

అరుగు మీద బుల్లెట్ లేచాడు. ఒళ్ళు విరుచుకుని, తోక ఊపుతూ ఆవిడ దగ్గరికి వచ్చాడు, బుట్ట వాసన చూశాడు. తరవాత తలుపు దగ్గరికి వెళ్ళి, తాళాన్ని ముంగాలితో రెండుసార్లు గీకి, ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నాడు.

సుబ్బరావమ్మ గారు బుట్ట కింద పెట్టి, ఆయనకి రెండు చేతులూ జోడించింది.